బండి తిన్న పల్లిముద్ద

మొన్న ఆదివారం నా కారు ముందు సీట్ల దర్జాగ ఎవరు కూసొని వచ్చిన్రో చెప్తే మీరు ఆ చాయ్ మీద పోసుకుంటరు. ముందుగాల గ్లాసులు కింద పెట్టుండ్రి. పెట్టిన్రా? సరే. మా అత్తమ్మ కాదు. నా భార్య స్వరూప కాదు. ఎవరనేది చివర్ల చెప్త. నవ్వుడు మాత్రం ఇప్పుడే షురూ చెయ్యకుండ్రి, నాకు ఇంకా వీపు మీద దద్దుర్లు తగ్గలే.

మీకు తెలిసిందే గదా, నేను కొత్తగూడెంల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్త. మా అత్తగారి ఊరు పాల్వంచ దాటినంక అడివి అంచుకు ఉంటది. ఏటా ఊరోళ్లందరు అడివి లోపలున్న ముత్యాలమ్మ కాడికి పోయి, బోనం చెల్లించి, కోడిని కోసి, అక్కడనే వండుకొని తిని వస్తరు. మామ పోయినంక ఆ ఇంటికి పెద్ద అత్తమ్మనే. బోనం ఎత్తేది ఆమెనే. బోనం కుండ ఒళ్లో పెట్టుకొని కారు ముందు సీట్ల కూసుంటది. ఇగ కథంతా ఆ సీటు కాడనే ఉన్నది.

అత్తమ్మకు ఇద్దరు బిడ్డలు. పెద్దామె స్వరూప, చిన్నామె లావణ్య. అంటే అల్లుళ్లం ఇద్దరం. ఇద్దరికీ కార్లున్నయ్. అత్తమ్మ ఎవరి బండ్ల కూసుంటే ఆ ఏడు వాడే అల్లుడు, రెండోవాడు ఊకె వచ్చిన చుట్టం. పైకి ఎవరూ అనరు. కానీ ఊరంతా చూస్తది, గుర్తు పెట్టుకుంటది.

పోయినేడు ఏమైందంటే, లావణ్య మొగుడు నరేష్ కొత్త కారేసుకొని దిగిండు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్ కూడ తియ్యలే! అత్తమ్మ "చిన్నల్లుడు కొత్తగ కొన్నడు గదా, ఒక్కసారి కూసుంటే ఏమైతది" అనుకుంట పోయి అందుల కూసున్నది. నేను పెద్దల్లున్ని. నా బండ్ల ఏం ఎక్కినయో తెలుసా? వంట గిన్నెలు, కట్టెలు, కాళ్లు కట్టేసిన కోడి. తొవ్వ పొడుగునా డిక్కీల ఆ కోడి అరుసుకుంట, ముందల నేను నరేష్ బండి లేపిన దుమ్ము తినుకుంట పోయినం. ఏడాదంతా ఆ దుమ్ము నా పండ్ల సందున కరకరమంటనే ఉన్నది.

అందుకే ఈ ఏడు గట్టిగ అనుకున్న. అత్తమ్మ నా బండ్లనే కూసోవాలె. నాది సెకండ్ హ్యాండ్ బండి, ఎర్ర రంగు. కింద చుట్టూత నల్ల ప్లాస్టిక్ పట్టీ ఉంటది, ముందు వెనక బంపర్లు కూడ నల్ల ప్లాస్టిక్కే. పాతదైతే ఏంది, మెరిపిస్తే కొత్తదాని తాత లెక్క ఉంటదని చెప్పి, పాల్వంచల ఆగి ఒక వ్యాక్స్ డబ్బా కొన్న, అదే, బండి మెరిసేటందుకు పూసే మైనం. శనివారం పొద్దుగూకే యాళ్లకు అత్తగారింటికి చేరినం. చేరుడుతోనే లుంగీ కట్టిన, షురూ చేసిన.

డబ్బా మీద చిన్న చిన్న అక్షరాలల్ల ఏదో రాసి ఉన్నది. రోజూ పిల్లలకు "లేబుల్ చదవకుండ సీసా ముట్టొద్దు" అని అరిచేటోన్ని నేనే. చదివిన్నా? లేదు. లేబుళ్లు పిల్లలకు, మనం సార్లం గదా! బానెట్‌కు పూసిన, డోర్లకు పూసిన, చెయ్యి ఆగక నల్ల ప్లాస్టిక్‌కు కూడ కాస్త ఎక్కువనే దట్టించిన. పట్టీలు మెరుస్తే కదా బండి నడుముకు వడ్డాణం పెట్టినట్టు ఉండేది!

పొద్దున లేచి చూస్తే ఏమున్నది? ఎర్ర రంగైతే అద్దం లెక్క మెరుస్తున్నది. నల్ల ప్లాస్టిక్ మాత్రం తెల్లగ పాలిపోయింది. మైనం ఆ గరుకు సందులల్ల చిక్కుకొని, ఎండి, మచ్చలు మచ్చలు తేలింది. స్వరూప చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చి, బండి చుట్టూ ఒక రౌండు తిరిగింది.

"ఏందయ్యా, బండికి తామర వచ్చిందా?"

"తామర లేదు, ఏం లేదు. కడిగితే పోతది."

"పోకుంటే?"

"నేను కెమిస్ట్రీ లెక్చరర్ని స్వరూపా."

"అదే నా భయం," అనుకుంట లోపలికి పోయింది.

అంతల అత్తమ్మ వాకిలి ఊడ్సుకుంట వచ్చి చూసింది. ఆమె నన్ను ఎన్నడూ ఒక్క మాట అనదు, అల్లుడు గదా. "సున్నమేసిన్రా అల్లుడుగారూ? పండుగకు మంచిదే," అన్నది. అని చీపురు పట్టుకొని పక్కకు జరిగింది. ఆ "మంచిదే" ఉన్నది చూడుండ్రి, అది నన్ను లోపల కోసేసింది.

నీళ్లతోటి కడిగిన. తడిగున్నంత సేపు నల్లగ ఉంటది, ఆరంగనే మళ్ల తెల్లగ. సబ్బుతోటి కడిగిన, సర్ఫు వేసిన. కొబ్బరి పీచు పెట్టి రుద్దిన, అది మైనాన్ని తియ్యకపోగా ఇంకింత లోపలికి తోసింది. కుంకుడుకాయ రసం పోసిన. బండికి తలంటు పోసినట్టయింది గానీ మచ్చ కదలలే. అప్పుడే లావణ్య ఫోన్ చేసి, "తొవ్వల ఉన్నం అక్కా, జల్దీనే వస్తం" అని చెప్పిందట. నాకు కాళ్ల కింద మంట పుట్టింది.

ఆ ఊళ్లె ఇంటర్నెట్ సిగ్నల్ దొరికేది వాటర్ ట్యాంకు మెట్ల మీదనే. ఎక్కిన. వీడియోలు వెతికిన. ఒక తెల్లాయన కనవడ్డడు. నవ్వుకుంట చెప్తున్నడు, నల్ల ప్లాస్టిక్ మీద మైనం మరకలు పడ్తే పీనట్ బటర్ పూయాల్నంట! పూసి, పండ్ల బ్రష్షుతోటి రుద్ది, కాసేపు నాననిచ్చి తుడిస్తే మాయమైపోతదట. నాకు టక్కున వెలిగింది. మైనం నీళ్లల్ల కరగదు, నూనెల కరుగుతది. పల్లీలల్ల నూనె ఉంటది, మెదిపిన పల్లీ గరుకుగ ఉంటది, మరకను గీకుతది. ఇంత సింపులు! ఈ లెసనే నేను పిల్లలకు ఏటా చెప్త. మెట్ల మీద నిలవడి నా భుజం నేనే తట్టుకున్న.

ఇగ పీనట్ బటర్ అంటే ఏంది? పల్లీలు వేయించి మెత్తగ నూరిన ముద్దనే గదా. ఆ ఊళ్లె డబ్బాలల్ల దొరకదు గానీ అత్తమ్మ ఇంట్ల పల్లీలకు కొదువ లేదు. కొదువ నా ధైర్యానికే. ముత్యాలమ్మ పండుగ పూట, పొద్దటి సంది ఉపాసముండి బోనం వండుకునే మనిషి కాడికి పోయి, "అత్తమ్మా, నా బండికి పూస్త, పల్లీలు నూరియ్యి" అని ఎట్ల అంటం? తినే వస్తువ తీసుకపోయి బండికి పూస్తడా అని ఆమె నోటితోటి అనకపోయినా కండ్లతోటి అంటది. అందుకని ఏం జేసిన? వంటింటి గడప కాడ నిలవడి, మెల్లగ, మర్యాదగ అన్న.

"అత్తమ్మా, జెర పల్లీలు వేయించి మెత్తగ నూరిస్తరా?"

అంతే! అత్తమ్మ చేతుల గరిటె ఆగిపోయింది. ఆమె మొఖం చూడాల్సింది మీరు. నేను ఆ ఇంటికి అల్లుడైనకాంచి ఇన్నేండ్లల్ల నోరు తెరిచి "నాకిది కావాలె" అని అడిగింది లేదు. ఏం పెట్టినా "చాలు చాలు" అనే టైపు. కాలేజీ సారు గదా, తిండి కాడ కూడ బిగుసుకునేటోన్ని. గట్లాంటి అల్లుడు ఇయ్యాల అడిగిండు!

"అయ్యో, గంత మాత్రానికి అడగాల్నా? స్వరూపా, ఆ పొయ్యి మీది గిన్నె దించు. మీ ఆయనకు పల్లిముద్ద తినబుద్ధయితున్నదంట!"

స్వరూప నా దిక్కు అనుమానంగ చూసింది. నేను పైకప్పు చూసిన.

కాసేపటికి అత్తమ్మ ఒక స్టీలు గిన్నె నిండ ముద్ద తెచ్చిచ్చింది. గోధుమ రంగుల, నిగనిగలాడుకుంట, వేడి వేడిగ. వీడియోల ఉన్నట్టే ఉన్నది. అసలు తెల్లాయన డబ్బాల కన్న ఇదే ఎక్కువ మెరుస్తున్నది. గంత ఎందుకు మెరుస్తున్నదని ఒక్కసారన్న అనుకోవాల్నా లేదా? వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే చాలు, నా బతుకు బాగుపడేది. కానీ కెమిస్ట్రీ ల్యాబుల మొదటి రూలు ఏంది? ఏదీ రుచి చూడొద్దు! ఆ ఒక్క రూలు మాత్రం ఆ పూట భద్రంగ పాటించిన.

"కూసొని తినుండ్రి అల్లుడుగారూ, నీళ్లు తెస్త."

"బయట గాలికి తింట అత్తమ్మా," అని చెప్పి గిన్నె పట్టుకొని ఇంటెనక మామిడిచెట్టు కిందికి పోయిన. బండి ఆడనే ఉన్నది.

నా పండ్ల బ్రష్షుతోటే షురూ చేసిన. ముందు బంపర్‌కు పూసిన, రుద్దిన, బట్టతోటి తుడిచిన. అబ్బ! నిజం చెప్తున్న, మరక పోయింది. నల్లగ, నున్నగ, కాటుక పెట్టినట్టు తేలింది ప్లాస్టిక్. ఇంత సంబురం నాకు పెండ్లి నాడు కూడ లేదు. ఈ మాట స్వరూపకు చెప్పకుండ్రి. గిన్నె ఖాళీ అయ్యింది, ఇంకా మూడు దిక్కులు మిగిలినయ్. ఖాళీ గిన్నె పట్టుకొని మళ్ల వంటింటి కాడికి పోయిన.

అత్తమ్మ ఖాళీ గిన్నె దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "అంతా తిన్నరా?" అన్నది. నేనేం అంట? "చాన బాగున్నది అత్తమ్మా, ఇంకింత ఉంటే..." అన్న. అబద్ధం ఆడుతుంటే నా గొంతు జెర వణికింది. ఆమె అది ఇష్టమనుకున్నది. ఈసారి ఇంకా పెద్ద గిన్నెల పెట్టిచ్చింది. "ఇది ఇంకా మంచిగుంటది," అని కూడ అన్నది. ఎందుకు మంచిగుంటదో నేను అడగలే. నేను నా పనిల ఉన్న.

రెండో గిన్నె తోటి బండి చుట్టూత పూసిన. వెనక బంపర్, పక్కల పట్టీలు, డోర్ల కింది అంచులు, వైపర్ల కాడి నల్ల పట్టీ కూడ వదల్లే. ఈసారి జల్ది తుడవలే. వీడియోల కాసేపు నాననియ్యమన్నడు గదా, నాననిచ్చి తానానికి పోయిన. తల మీద నీళ్లు పోసుకుంట ఏం ఊహించుకున్ననో చెప్పమంటరా? అత్తమ్మ బోనంతోటి నా ముందు సీట్ల కూసున్నది. ఊరోళ్లంతా తొవ్వకు రెండు దిక్కుల నిలవడ్డరు. నరేష్ కొత్త కారు మా దుమ్ముల వెనకాల వస్తున్నది. దాని డిక్కీల గిన్నెలు, కట్టెలు, కోడి.

తెల్ల పంచ కట్టుకొని, బొట్టు పెట్టుకొని, పొడి బట్ట పట్టుకొని బయటికి వచ్చిన. మామిడిచెట్టు బెరడు మీద ఒక ఎర్ర గీత కనవడ్డది. కొమ్మల్నుంచి మొదలై, బోదె మీదికెళ్లి దిగి, నేల మీద నడిచి, సీదా నా వెనక బంపర్‌కు పోతున్నది. దగ్గరికి పోతే గీత కదులుతున్నది. ఎర్ర చీమలు! చెట్టు మీది చీమల ఊరు ఊరంతా నా బండికి జాతరకు వచ్చింది. ముత్యాలమ్మ కాడికి మనం పోయినట్టు, పిల్లా జెల్లతోటి. ఇగ రెండో పక్క పక్కింటోళ్ల మేక నిలవడి, డోర్ కింది పట్టీని చప్పరించుకుంట కండ్లు మూసుకొని తలాడిస్తున్నది.

నాకేం అర్థం కాలే. పల్లీలకు ఇన్ని చీమలు వస్తయా? అప్పుడు, అప్పుడు గానీ వేలు ముంచి నాలిక మీద పెట్టుకోలే.

బెల్లం! నెయ్యి! యాలకుల పొడి!

వంటింట్లకు ఉరికిన. "అత్తమ్మా, ఆ ముద్దల బెల్లం వేసిన్రా?"

"వెయ్యకుంటే ఎట్ల? అల్లుడు నోరు తెరిచి అడిగితే ఉత్త పల్లీలు నూరిస్తనా? మొదటిదాంట్ల జెర తక్కువైందేమో అని రెండోదాంట్ల ఇంకింత దంచి వేసిన. నెయ్యి కూడ పోసిన. ఎందుకు, సరిపోలేదా?"

"సరిపోయింది అత్తమ్మా. చాన సరిపోయింది."

మళ్ల బండి కాడికి ఉరికిన. మేకను తరిమిన. బకెట్లకు బకెట్లు నీళ్లు కొట్టిన. పైన ఉన్న బెల్లమైతే పోయింది. చీమలు మాత్రం ఏం జేసినయ్? నీళ్లకు భయపడి డోర్ల సందులల్లకెళ్లి లోపలికి దూరినయ్. నేను అది చూడలే. బయట చూస్తే చీమ లేదు, మరక లేదు, బండి నిగనిగ మెరుస్తున్నది. హమ్మయ్య అనుకున్న. కాలరు సర్దుకున్న. నరేష్ రావాలె ఇగ, చూసుకుందాం అనుకున్న.

నరేష్ వచ్చిండు. నడుచుకుంట వచ్చిండు! భుజానికి ఒక సంచి, వెనకాల లావణ్య. ఇద్దరూ బస్సు దిగి వచ్చిన్రు.

"బండేది తమ్మీ?" అన్న, వాళ్ల వెనక తొవ్వ దిక్కు చూసుకుంట.

"బండెందుకన్నా? ఆ రోడ్డంతా బొగ్గు లారీలు. పోయినేడు ఒక్క ట్రిప్పుకే గీతలు పడ్డయ్. ఎట్లయిన నీ బండి ఉంటది గదా, దానికి కొత్తగ పోయేదేముంది!" అని నవ్విండు. వాడు మంచోడు, వాడికేం మనసుల లేదు. ఆ మంచితనమే నాకు మంటెత్తిచ్చింది. ఏడాది సంది నేను యుద్ధం చేస్తున్న, అవతలోడికి యుద్ధం ఉన్నట్టే తెల్వదు. పైనుంచి బంపర్ కాడికి వంగి, "అన్నా, నల్ల ప్లాస్టిక్ భలే మెరుస్తున్నది, ఏం పూసినవ్?" అని అడిగిండు.

"ఫారిన్‌ది," అన్న. పక్కన స్వరూప దగ్గింది.

సరే, పోటీ లేకుంట గెలిచినా గెలుపు గెలుపే. ఉన్నది ఒక్క బండి, అది నాది. అత్తమ్మ తల మీద బోనం పెట్టుకొని బయటికి వచ్చింది. పసుపు, కుంకుమ, యాపాకు, పైన దీపం. ఆ బోనం ఒక్కసారి ఎత్తితే ముత్యాలమ్మ ముంగట తప్ప ఎక్కడా కింద పెట్టొద్దు. అది వాళ్ల ఇంటి కట్టు. దీపం జాగర్తగ తీసి లావణ్య చేతికిచ్చి, కుండ ఒళ్లో పెట్టుకొని నా ముందు సీట్ల కూసున్నది. నా ముందు సీట్ల! వెనకాల నరేష్, లావణ్య, స్వరూప. డిక్కీల గిన్నెలు, కోడి. ఏసీ వేసిన. ఊళ్లెకెళ్లి పోతుంటే అరుగుల మీద కూసున్నోళ్లంతా చూసిన్రు. హారన్ అవసరం లేకున్నా ఒకసారి కొట్టిన.

ఊరు దాటి అడివి తొవ్వ పట్టినమో లేదో, వెనక సీట్ల నరేష్ "ఇస్స్" అన్నడు. మళ్ల కాసేపటికి "అబ్బా" అన్నడు. తర్వాత అంగీ లోపల చెయ్యి పెట్టి వెతుక్కుంటున్నడు. లావణ్య ఒక చేతుల దీపం పట్టుకొని రెండో చేత్తోటి మెడ మీద కొట్టుకుంటున్నది. నేను అద్దంల చూసుకుంట, "ఏసీ పెంచాల్నా?" అని అడిగిన. ఆ మాట ఇప్పటికీ వాళ్లు మర్చిపోలే.

నేను పక్కకు తిరిగి అత్తమ్మను చూసిన. ఆమె కదలకుండ కూసున్నది. రెండు చేతులు బోనం చుట్టూత బిగించి ఉన్నయ్. డోర్ పక్కన నుంచి చీమలు ఆమె చీర కుచ్చిళ్ల మీదికి, ఆడికెళ్లి చేతుల మీదికి పాకుతున్నయ్. గోక్కుందామంటే చెయ్యి తియ్యాలె, చెయ్యి తీస్తే బోనం పడ్తది. అరుద్దామంటే పక్కనున్నది అల్లుడు. ఆమె పండ్లు బిగబట్టి, కండ్లు మూసుకొని, పెదవులు కదుపుకుంట ఏదో అంటున్నది. అమ్మవారినే తలుసుకుంటున్నదో, నన్నే తలుసుకుంటున్నదో తెల్వదు. ఆ ఒక్క నిమిషంల మాత్రం నాకు నవ్వు లేదు, పోటీ లేదు, ఏం లేదు. సిగ్గైంది. ఆ బోనం పడితే ఆ ముసలి ప్రాణం ఏడాదంతా కుములుతది. కేవలం నా బంపర్ మెరుపు కోసం!

"అల్లుడుగారూ, జెర ఆపుతరా," అన్నది మెల్లగ.

ఆపిన. స్వరూప దిగి ఉరికొచ్చి బోనం అందుకొని తన తల మీద పెట్టుకున్నది. బోనం పడలే, అమ్మ దయ. అప్పుడు అత్తమ్మ దిగింది. దిగి, రోడ్డు మీద ఆడిన ఆట చూడాలె! నరేష్ ఒక దిక్కు అంగీ విప్పి దులుపుతున్నడు, లావణ్య ఒక దిక్కు ఎగురుతున్నది. నా పంచలకు కూడ దూరినయ్. నేను ఎట్ల ఎగిరిన్నో నేను చెప్ప.

అంతా దులుపుకున్నంక అత్తమ్మ బండి కాడికి వచ్చింది. డోర్ కింది అంచుకు ఇంకా జెరంత ముద్ద ఎండి అంటుకొని ఉన్నది, నేను కడగంగ మర్చిపోయిన్నేమో. దాన్ని గోటితోటి గీకింది. వాసన చూసింది. నా దిక్కు చూసింది. మళ్ల వాసన చూసింది.

"ఇది నా పల్లిముద్ద."

నా ముంగట రెండు వేళ్లు చూపెట్టింది.

"రెండు గిన్నెలు," అన్నది.

"మైనం మరకలు పోతయంటే..." అని నేను షురూ చేసిన. నూనె, మైనం, కరుగుడు, అంతా చెప్పిన. క్లాసుల కూడ గంత శ్రద్ధగ ఎన్నడూ చెప్పలే. నరేష్ నోరు తెరుచుకొని విన్నడు. "ఫారిన్‌ది అన్నవ్ గదన్నా," అన్నడు. స్వరూప బోనం నెత్తి మీద పెట్టుకొనే నవ్వుతున్నది, కుండ ఊగుతున్నది.

అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు. "పోనియ్. బండి కూడ అల్లుడిదే గదా. అది తింటే అల్లుడు తిన్నట్టే," అన్నది.

అంతల వెనకకెళ్లి ఊరోళ్ల ట్రాక్టర్ వచ్చింది, వాళ్లు కూడ ముత్యాలమ్మ కాడికే. అత్తమ్మ బోనం మళ్ల ఎత్తుకొని అందుల ఎక్కింది. ఆమె వెనక లావణ్య ఎక్కింది, నరేష్ ఎక్కిండు. చివరికి స్వరూప కూడ ఎక్కింది. "నువ్వు కూడనా?" అని అడిగిన. "అవ్, నాకు బెల్లం పడదు," అన్నది.

గిన్నెలు, కోడి నా డిక్కీల ఉండిపోయినయ్. ట్రాక్టర్ కదిలేముందు అత్తమ్మ పైనుంచి వంగి అన్నది, "అల్లుడుగారూ, అది మొక్కు కోడి గదా, వెనకాల చీమలు కుట్టి చస్తే మొక్కు తీరదు. దాన్ని తీసి ముందు సీట్ల కూసోపెట్టుండ్రి. నాలుగు చీమలన్న ఏరుకొని తింటది."

కూసోపెట్టిన. పోయినేడు డిక్కీల వచ్చిన జాతికి ఈ ఏడు ప్రమోషన్ వచ్చింది. అది కూడ ఎంత దర్జాగ కూసున్నది! సీటు మీద ఒక చీమ, డ్యాష్‌బోర్డు మీద ఒక చీమ, ఏరుకుంట, మెడ తిప్పి కిటికీలకెళ్లి అడివి చూసుకుంట వచ్చింది. ఒక్కసారి కూడ "ఆపు" అనలే. ముందల ట్రాక్టర్ దుమ్ము లేపుకుంట, వెనకాల నేను, నా పక్కన కోడి. ముత్యాలమ్మ కాడికి చేరంగనే పిల్లలంతా చుట్టుముట్టి, "పెద్దల్లుడు కోడిని కారుల తోలుకొచ్చిండు" అని కేకలు. ఊరంతా చూసింది. గుర్తు కూడ పెట్టుకుంటది, నాకు తెలుసు.

బోనం చక్కగ చెల్లింది. కోడిని కోసిన్రు, వండిన్రు. చెట్ల కింద ఆకులేసి కూసున్నం. అత్తమ్మనే వడ్డించింది. కాలు ముక్క నరేష్ ఆకుల పడ్డది. నా కాడికి వచ్చి ఆగింది, కొంగుల దాచుకొచ్చిన చిన్న స్టీలు గిన్నె తీసింది. పొద్దున నూరిన పల్లిముద్ద, జెరంత మిగిలిందట.

"ఇది మీకా అల్లుడుగారూ, బండికా?"

పంక్తి పంక్తంతా కూలిపోయి నవ్విన్రు. నేను "నాకే అత్తమ్మా" అని తీసుకొని తిన్న. అబద్ధం ఎందుకు, అమృతం లెక్క ఉన్నది. గట్లాంటిదాన్ని రెండు గిన్నెలు బంపర్‌కు పూసిన మొగోన్ని నేను. తర్వాత ఆమె గంటె ముంచి నాకు కూర వేసింది. మెడ ముక్క.

వచ్చేటప్పుడు కూడ అందరూ ట్రాక్టర్లనే పోయిన్రు. నా బండి ముందు సీటు ఖాళీ. ఆ సీట్ల ఆరాముగ కూసొని, వంక పెట్టకుండ, చివరిదాక నాతోటి వచ్చిన ప్రాణి ఒక్కటే ఒక్కటి, అదప్పటికే నా కడుపుల ఉన్నది. ఆ లెక్కన చూస్తే పోయేటప్పుడు తోడొచ్చిందే వచ్చేటప్పుడూ తోడున్నది. ఇగ అల్లుడి మర్యాద ఎక్కడ తగ్గిందో మీరే చెప్పుండ్రి!